పుక్కిట పట్టిన అబద్ధం

కళ్ళజోళ్ళ షాపులో పని అంటే ఎదుటి మనిషి ముఖంలో ముఖం పెట్టి చేసే పని. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందా, కాడ చెవి వెనక ఒరుసుకుంటోందా, కంటిపాప అద్దం మధ్యకి వచ్చిందా అని చూడాలంటే జానెడు దూరంలో నిలబడక తప్పదు. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ ‘కళ్ళజోళ్ళాయన’ అని పిలిచే మనిషి పాతికేళ్ళ వయసులో ఈ పనిలోకి వచ్చి, నలభై దాటినా ఇందులోనే ఉన్నాడు. చేతి పని శుభ్రంగా ఉండేది. మాట మెత్తన. ఆయన నవ్వడం మాత్రం ఎవరూ సరిగా చూసి ఎరగరు.

కారణం పెద్దదేమీ కాదు. పై వరసలో ముందు పళ్ళు రెండింటి మధ్యా ఓ సందు. బళ్ళో ఉన్నప్పుడు తోటి పిల్లలు ఆయనకి ‘కిటికీ’ అని పేరు పెట్టారు. “ఒరే కిటికీ, కాస్త తెరవరా, గాలాడట్లేదు” అనేవాళ్ళు. వాళ్ళంతా పెద్దవాళ్ళయి ఎక్కడెక్కడో స్థిరపడి ఆ మాటే మర్చిపోయి ఉంటారు. ఈయన మర్చిపోలేదు. పెదవులు కలిపి నవ్వడం, నవ్వు మరీ ఆగకపోతే దగ్గినట్టు నటించడం అప్పుడే నేర్చుకున్నాడు. పెళ్ళి ఫొటోలో కూడా మూతి బిగించుకునే ఉన్నాడు.

“ఆ ఫొటో చూసినవాళ్ళు మిమ్మల్ని కాళ్ళూ చేతులూ కట్టేసి నా పక్కన కూర్చోబెట్టారనుకుంటారు” అనేది భార్య. చాలాకాలం ఎగతాళిగానే అంది. ఓసారి మాత్రం కూతురి బడిలో తీసిన ఫొటో చేతిలో పట్టుకుని, “పిల్ల కూడా మిమ్మల్ని చూసి మూతి ముడుచుకోవడం నేర్చుకుంటోందండీ” అంది. ఆ మాట ఆయనకి గట్టిగా తగిలింది. ఆ వారంలోనే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి క్లిప్పులు పెట్టించుకున్నాడు.

డాక్టరమ్మ క్లినిక్ రెండు వీధుల అవతల, స్టేషనరీ దుకాణం పైన ఉండేది. ఇరుకు మెట్లు, పైన చిన్న వరండాలో కుర్చీలు, లోపల మంచంలాంటి కుర్చీ ఒకటి. డాక్టరమ్మ పనిమంతురాలు, కానీ ముక్కుమీద కోపం. ఆవిడ దగ్గర ఓ అసిస్టెంటు అమ్మాయి ఉండేది. కొత్తగా కోర్సు పూర్తి చేసి వచ్చింది. చాన్నాళ్ళు పరికరాలు అందించడమే ఆమె పని. ఈ మధ్యే డాక్టరమ్మ ఆమెని నమ్మి, పళ్ళకి రబ్బరు గొలుసు తగిలించే పని అప్పగించింది. అలా ఆమె చేతిలో పడ్డ మొదటి నోళ్ళలో కళ్ళజోళ్ళాయన నోరు ఒకటి.

“భయపడకండి సార్, ఇది నొప్పెట్టదు” అని ఆమె ఓ రబ్బరు ముక్క ఆయన కళ్ళ ముందు పెట్టి చూపించింది. చిన్న చిన్న రింగులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. “దీన్ని లాగి ఈ పంటి క్లిప్పు నుంచి ఆ పంటి క్లిప్పుకి తగిలిస్తామండీ. ఇది మళ్ళీ దగ్గరికి ముడుచుకోవాలని చూస్తుంది కదా, ఆ లాగుడికి పళ్ళు మెల్లగా జరుగుతాయి. పట్టు తగ్గిపోతుంది కాబట్టి నెల నెలా కొత్తది వేస్తాం.”

ఆమె నాలుక కొంచెం బయటపెట్టి, సూదిలో దారం ఎక్కిస్తున్నంత శ్రద్ధగా రింగులు తగిలించేది. మొదటి నెల తిరిగేసరికి సందు కంటికి తెలిసేంత తగ్గింది. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, “ఫర్వాలేదే, నీ చెయ్యి మంచిదే” అంది. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. కళ్ళజోళ్ళాయన కూడా ఆ రోజు మెట్లు దిగుతూ తనలో తాను నవ్వుకున్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే షాపుకి ఓ టీచరమ్మ వచ్చింది. పదవీ విరమణ చేసిన మనిషి, మర్యాదస్తురాలు. కొత్త జోడు ముక్కు మీద నిలవట్లేదంది. ఆయన దగ్గరగా వంగి కాడలు సర్దుతున్నాడు. మధ్యలో ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది. అలవాటు కొద్దీ ఆయన ఆవిడ గడ్డం కింద వేలు పెట్టి, “కాస్త ఇటు చూడండమ్మా” అన్నాడు. ఆవిడ రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎంతో నెమ్మదిగా, “ఏమీ అనుకోకు బాబూ, కొంచెం దూరం జరుగుతావా” అంది.

తల కొట్టేసినట్టయింది. ఫ్రేము ఎలా సర్దాడో, ఆవిడ ఎప్పుడు వెళ్ళిందో ఆయనకి తెలియలేదు. వెనక గదిలోకి వెళ్ళి నోటికి దొప్పలా చెయ్యి పెట్టుకుని ఊపిరి వదిలి చూసుకున్నాడు. ఏదో ఉన్నట్టే ఉంది. క్లిప్పుల సందుల్లో తిన్నదంతా ఇరుక్కుంటోంది, ఎంత తోమినా పోవట్లేదు. అప్పటిదాకా జోడు పెట్టించుకున్నవాళ్ళందరి ముఖాలూ వరసగా గుర్తొచ్చాయి. ఎంతమంది ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారో, ఎంతమంది బయటికి వెళ్ళాక నవ్వుకున్నారో!

ఆ సాయంత్రమే మందుల షాపులో మౌత్‌వాష్ కొన్నాడు. మెత్తటిది పనికిరాదనుకుని, చెవుల్లోంచి ఆవిర్లు వచ్చేంత ఘాటుది అడిగి మరీ తీసుకున్నాడు. షాపు వెనక గదిలో, అద్దాలు కడిగే ద్రావణం సీసాల చాటున దాన్ని పెట్టాడు. అప్పట్నించి గాజు తలుపు కిర్రుమంటే చాలు, “ఒక్క నిమిషం కూర్చోండి, ఇప్పుడే వస్తా” అని లోపలికి పరుగెత్తేవాడు. పుక్కిలించి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆపి, ఉమ్మి వచ్చేవాడు. భోజనం చేసినా అంతే, టీ తాగినా అంతే, ఏమీ తినకపోయినా అంతే.

“ఏంటండీ, మీ పక్కన కూర్చుంటే ఆపరేషన్ థియేటర్లో కూర్చున్నట్టుంది” అంది భార్య.

“అద్దాల మందు వాసనే” అన్నాడు.

ఈసారి క్లినిక్‌కి వెళ్ళేసరికి గొలుసు వేలాడినట్టు వదులుగా ఉంది. తెల్లటి రింగులు రంగు మారాయి. సందు మాత్రం ఉన్నచోటే ఉంది.

డాక్టరమ్మ భృకుటి ముడిచింది. “గట్టివి కొరుకుతున్నారా?”

“లేదండీ.”

“మౌత్‌వాష్ ఏమైనా వాడుతున్నారా?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అవునంటే ఎన్నిసార్లు అని అడుగుతుంది. ఎందుకు అని అడుగుతుంది. నోరు వాసనొస్తోంది అని చెప్పాలి. పక్కనే అసిస్టెంటు అమ్మాయి ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఈ నోట్లోకే కదా ఆ పిల్ల వంగి పని చేస్తున్నది!

“లేదండీ. అలాంటివేం వాడను.”

“అయితే సరే. కొన్నిటిలో స్పిరిట్ కలుస్తుంది. ఈ రబ్బరు పట్టు మామూలుగానే మొదటి రోజుల్లోనే చాలావరకు తగ్గిపోతుంది. ఆ మిగిలిన పట్టుతోనే పన్ను జరగాలి. స్పిరిట్ అస్తమానం తగులుతుంటే అదీ త్వరగా పోతుంది. అందుకని అడిగా” అంది డాక్టరమ్మ, చేతి తొడుగులు విప్పుతూ.

ఆయన కుర్చీలో బిగుసుకుపోయాడు. అప్పుడైనా నోరు విప్పి ఉంటే ఓ చిన్న నవ్వుతో పోయేది. కానీ ఒకసారి లేదన్నాక, మరు నిమిషంలో ఉందనడానికి ముఖం చెల్లలేదు. ఇంటికెళ్ళి మానేద్దాంలే, ఎవరికీ తెలియకుండానే సర్దుకుంటుందిలే అనుకున్నాడు. మర్నాడు పొద్దున సీసా ముట్టుకోలేదు కూడా. గాజు తలుపు కిర్రుమంది. ఎవరో పెళ్ళి కావలసిన అమ్మాయి, పక్కన వాళ్ళ పిన్ని. ఆయన కాళ్ళు వాటంతటవే వెనక గదిలోకి నడిచాయి.

తర్వాతి నెలా అదే తీరు. గొలుసు సాగిపోయి ఉంది, పన్ను కదల్లేదు. డాక్టరమ్మ ఈసారి ఆయన్ని ఏమీ అడగలేదు. అమ్మాయి వైపు తిరిగింది.

“తగిలించే ముందు దీన్ని బాగా గుంజావా?”

“లేదు మేడమ్. మీరు చూపించినట్టే...”

“నేను చూపించినట్టే చేస్తే ఇలా ఎందుకుంటుంది? చేతికిచ్చిన రబ్బరు ముందే సాగదీసి పెట్టినట్టుంది. మొదటి నెల ఏదో అదృష్టం కొద్దీ జరిగింది. కళ్ళు కనిపించట్లేదా నీకు? కనిపించకపోతే చెప్పు, నేనే చేసుకుంటా!”

వరండాలో కూర్చున్నవాళ్ళకి వినిపించేంత గట్టిగా అంది. అమ్మాయి ట్రే మీద పరికరాలు ఒక్కొక్కటే సర్దింది. కళ్ళజోళ్ళాయన నోరు తెరిచే ఉంది, దాంట్లో పెదవులు లాగి పట్టే ప్లాస్టిక్ చట్రం ఉంది. అది ఉండబట్టి మాట్లాడలేకపోయానని తర్వాత తనకి తాను చెప్పుకున్నాడు. దాన్ని తీసేశాక కూడా ఆయన మాట్లాడలేదు. లేచి, చొక్కా సర్దుకుని, నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి క్లిప్పు ఒకటి గుచ్చుకుంటోందని మళ్ళీ వెళితే కుర్చీ పక్కన ఆ అమ్మాయి లేదు. వెనక గదిలో సింకు ముందు నిలబడి పరికరాలు కడుగుతోంది. ఆయన్ని చూసి తలుపు దగ్గరికి వచ్చింది.

“మీ పన్ను జరుగుతుందండీ సార్, అధైర్యపడకండి. ఇప్పుడు మేడమే స్వయంగా వేస్తున్నారు కదా” అంది. ఆమె మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

ఆ రోజునుంచి మౌత్‌వాష్ పుక్కిలిస్తుంటే ఆయనకి నోరు మండటం కంటే ఇంకేదో ఎక్కువ మండేది. అయినా మానలేదు. చెప్పాలనుకుంటాడు, రేపు చెబుదామనుకుంటాడు, రేపు వచ్చాక ఇంకో రేపు. ఇంత ఆలస్యమయ్యాక ఇప్పుడు చెబితే ముందెందుకు చెప్పలేదని అడుగుతారు కదా అని కొత్త భయం. అసలు తప్పు చిన్నదే, దాన్ని దాచుకున్న కొద్దీ ఆయన చేతిలోనే పెరిగి ఇంతయింది.

ఓ మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్న వేళ గాజు తలుపు తోసుకుని ఆ అమ్మాయే లోపలికి వచ్చింది.

“కళ్ళు చూపించుకుందామని వచ్చానండీ.”

ఆయన కుర్చీ చూపించాడు. “ఏమైందమ్మా? తలనొప్పి వస్తోందా?”

“అదేం లేదండీ. దగ్గరవి సరిగ్గా కనిపించట్లేదేమోనని అనుమానం. మేడమ్ అన్నారు కదా, మీరూ విన్నారుగా” అంది, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. “ఇంట్లో కూడా చెప్పలేదు. నాకు ఆ పని ఇష్టమండీ. చూపు తేడా ఉంటే జోడు పెట్టుకుని అయినా చేసుకుంటా.”

ఆయన చూపు పరీక్షకి వాడే ఇనుప చట్రం ఆమె ముఖాన పెట్టాడు. అద్దాలు మార్చి మార్చి చూశాడు. దూరం అక్షరాలు అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది. దగ్గర చదివే అట్ట ఇస్తే, అందులో మరీ సన్నటి అక్షరాలు కూడా తడుముకోకుండా చదివింది. అన్నీ చదివి ఆశగా ఆయన ముఖంలోకి చూసింది.

“నీ కళ్ళకేం లేదమ్మా. చాలా బాగున్నాయి” అన్నాడు.

ఆమె ముఖం వాడిపోయింది. చూపు బాగుందంటే ఏడవబోయిన మనిషిని ఆయన తన జీవితంలో మొదటిసారి చూశాడు.

“ఇంకోసారి చూడండి సార్. ఏదో కొంచెమైనా ఉండే ఉంటుంది.”

ఆయన ఇంకోసారి చూశాడు. ఏమీ లేదని తెలిసి కూడా అద్దాలు తిప్పుతూ, వంగి, ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. తన నోట్లో ఇందాకే పుక్కిలించిన మందు ఘాటు ఇంకా ఉంది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. చుట్టూ ఎవరూ లేరు, ఆమె అడుగుతోంది, జవాబు తన దగ్గరే ఉంది.

“ఏమీ లేదమ్మా” అని మళ్ళీ అన్నాడు.

“అయితే చేతుల్లోనే ఉందన్నమాట లోపం” అని ఆమె తన వేళ్ళని ఓసారి చూసుకుని, లేచి, “వస్తానండీ” అని వెళ్ళిపోయింది.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. బళ్ళో పిల్లలు కిటికీ అన్నప్పుడూ, టీచరమ్మ జరగమన్నప్పుడూ సిగ్గుపడ్డాడు. అవి ఒకళ్ళు చూసి నవ్వుతారని కలిగిన సిగ్గులు. ఇప్పుడు ఆయన్ని చూసి నవ్వినవాళ్ళు లేరు. అయినా చిత్తయిపోయాడు. కాసేపటికి లేచి, వెనక గదిలోకి వెళ్ళి, సీసా తీసి సింకులో ఒంపేశాడు. షాపుకి తాళం వేసి క్లినిక్ వైపు నడిచాడు.

డాక్టరమ్మని పక్కకి పిలిచి చెబుదామనుకున్నాడు. కానీ ఆవిడ వరండాలోనే ఎదురైంది. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి.

“ఏంటి, మళ్ళీ గుచ్చుకుంటోందా? చెప్పండి, ఇక్కడే చెప్పండి, లోపల పేషెంటు ఉన్నారు.”

“మౌత్‌వాష్ వాడుతున్నానండీ. ఘాటుది. రోజంతా, లెక్కాపత్రం లేకుండా. మీరు అడిగిన రోజున అబద్ధం చెప్పాను.”

డాక్టరమ్మ కళ్ళద్దాల మీదుగా చూసింది. “ఎందుకు?”

“నోరు వాసనొస్తోందని ఒకావిడ...” కుర్చీల్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్నాళ్ళూ ఆయన ప్రాణం పోతుందనుకున్న క్షణం అదే. వచ్చింది, పోయింది. “తప్పంతా నాదండీ. ఆ అమ్మాయి చెయ్యి మంచిదే.”

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. “మొత్తం దానివల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను. ఒక్కొక్కరి పళ్ళు ఒక్కోలా జరుగుతాయి. కానీ అంతగా పుక్కిలిస్తే ఆ రబ్బరు ఏం నిలుస్తుంది, నా తలకాయ!” అని విసుక్కుంది. తర్వాత గొంతు తగ్గించి, “నేనూ అందరూ వినేట్టు అరిచాను” అంది. అది ఆయనతో అన్నట్టు లేదు. “ఆ అమ్మాయి వెనక గదిలో ఉంది. ముందు మీరు వెళ్ళి చెప్పండి. తర్వాత నేను మాట్లాడతా.”

అమ్మాయి కుళాయి కట్టి ఆయన చెప్పిందంతా వింది.

“ఇందాక షాపులో రెండోసారి చూడమన్నాను కదండీ” అంది చివరికి.

“అన్నావమ్మా.”

“అప్పటికే మీకు తెలుసా?”

“తెలుసు.”

ఆమె తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. “సరేనండీ” అని మాత్రం అని, కుళాయి తిప్పి మళ్ళీ పరికరాలు కడగడం మొదలుపెట్టింది. ఆయన క్షమించమని ఇంకో రెండు మాటలు అన్నాడు. నీళ్ళ చప్పుడులో అవి ఆమెకి వినిపించాయో లేదో తెలియదు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి వింది.

“మీ నోరు వాసనొస్తే ముందు తెలిసేది ఎవరికండీ? నాక్కాదూ? ఇన్నేళ్ళూ ముక్కు మూసుకుని కాపురం చేశాననుకున్నారా? ఆ రోజు ఏ ఉల్లిపాయో తిని వెళ్ళుంటారు!” అని ముందు నవ్వింది. తర్వాత ఆ అమ్మాయి సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపేసింది. “పాపం పిల్ల. మీరు చేసింది బాగాలేదు” అంది. ఆ ఒక్క మాటా అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఆయనతో ముభావంగానే ఉంది.

డాక్టరమ్మ అమ్మాయిని మళ్ళీ కుర్చీ దగ్గరికి తెచ్చింది. ఆయనకి స్పిరిట్ లేని మౌత్‌వాష్ ఒకటీ, క్లిప్పుల సందుల్లో తోముకునే సన్నటి బ్రష్ ఒకటీ ఇచ్చి, “వాసన వీటితో పోతుంది. దాచుకుంటే పోదు” అని ఓ చురక అంటించింది. ఆ తర్వాత నెల నెలా గొలుసు వేసింది ఆ అమ్మాయే. ఎప్పటిలాగే శ్రద్ధగా వేసేది. “తెరవండి, మూయండి, కొరకండి” తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. గొలుసు బిగువు నిలిచింది, పళ్ళు కదిలాయి. ఏడాది తిరిగేసరికి సందు మూసుకుపోయింది. క్లిప్పులు తీసిన రోజున ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూశారు. కూతురు కిలకిలా నవ్వింది. ఆయనకి మాత్రం అద్దంలో ఆ తిన్నటి వరస చూసినప్పుడల్లా క్లినిక్ సింకు ముందు నిలబడ్డ ఆ అమ్మాయే కనిపించేది.

చాలాకాలానికి ఆ అమ్మాయి వాళ్ళ నాన్నని తీసుకుని షాపుకి వచ్చింది. పెద్దాయనకి పేపరు చదవడం కష్టంగా ఉందట, జోడు మార్చాలట. కళ్ళజోళ్ళాయన లేచి కుర్చీ జరిపాడు. అమ్మాయి నాన్నని కూర్చోబెట్టి, ఆయన భుజం మీద చెయ్యి వేసి అంది:

“చాలా బాగా చూస్తారు నాన్నా ఈయన. కాకపోతే ఉన్నమాట చెప్పడానికి కొంచెం టైము తీసుకుంటారు.”

ఆమె పెదవుల చివర చిన్న నవ్వు ఉంది. కళ్ళజోళ్ళాయన చెవులు వేడెక్కాయి.

“అంటే?” అన్నాడు పెద్దాయన, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

అమ్మాయి చెప్పలేదు. కళ్ళజోళ్ళాయనే చెప్పాడు. టీచరమ్మ రుమాలు దగ్గర్నించి, రెండోసారి కళ్ళు చూసిన మధ్యాహ్నం దాకా ఏదీ మింగకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చేతిలో ఉన్న అద్దాన్నే తుడుస్తూ ఉన్నాడు. పెద్దాయన నవ్వలేదు, కోప్పడలేదు. అంతా విని, కూతురి వైపు ఓసారి చూసి, చట్రం తనే అందుకుని ముక్కు మీద పెట్టుకున్నాడు.

“సరే. ఇప్పుడు నా కళ్ళ సంగతి చెప్పండి” అన్నాడు.

ఆయన వంగి చూశాడు. అద్దాలు మార్చి చూశాడు, లైటు వేసి చూశాడు.

“కుడి కంట్లో పొర కమ్ముతున్నట్టుందండీ. నేను ఏ జోడు ఇచ్చినా లాభం లేదు. ఆలస్యం చేయకుండా కళ్ళ డాక్టరుకి చూపించండి” అన్నాడు.

అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది. “ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?” అని అడిగింది. ఆయన చెబుతుంటే ఫోనులో రాసుకుంది.